“పాణి కావాలి” అనే పిల్లాడికి ఏ భాష నేర్పాలి?

ఈసారి ఉత్తరాలన్నీ పసిపిల్లల చుట్టూనే తిరిగాయి. ఎక్కువ ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చినవే, ఒకటి మాత్రం మహారాష్ట్రలోని సిరొంచ వైపు నుంచి. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది బరంపురం. మా అత్తవారింట్లో తెలుగు, మా పుట్టింట్లో ఒడియా. బాబుకి రెండేళ్లు నిండాయి. “పాణి (నీళ్లు) కావాలి”, “భాత (అన్నం) తింటా” అని రెండూ కలిపేసి మాట్లాడతాడు. మా అత్తగారికి అదో ముచ్చట. మా ఆడపడుచు మాత్రం ఏదో ఒక భాషే పెట్టండి, లేకపోతే వాడి బుర్ర గజిబిజి అయిపోతుంది, అసలు ఇంగ్లీషులోనే మాట్లాడితే రేపు ఎల్‌కేజీ సీటుకి పనికొస్తుంది అని ఫోన్ చేసినప్పుడల్లా టెన్షన్ పెడుతోంది. ఏం చేయమంటారు? — ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచు గారికి నా నమస్కారాలు చెప్పండి, ఆవిడ సలహా మాత్రం పక్కన పెట్టండి. మీవాడి బుర్రకి ఏమీ కాలేదు, శుభ్రంగా పనిచేస్తోంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదు, నలభై ఏళ్లుగా పరీక్షించి చూస్తున్న విషయం. 1984లో కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిక్కు ప్రశ్న వేసుకున్నారు. మనకి త వేరు, ట వేరు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ల చెవికి ఆ రెండూ దాదాపు ఒకటే. మరి ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పసిబిడ్డ చెవికో? హిందీలోని ఆ రెండు శబ్దాలూ వినిపించి చూస్తే, ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడాని ఇట్టే పట్టేశారు. అదే పది పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. హిందీ ఇళ్లలో పెరిగే పిల్లలకి మాత్రం ఆ తేడా పోలేదు. అంటే బిడ్డ ఏ భాషకైనా సిద్ధపడే పుడుతుంది, ఏడాది తిరిగేలోపు తన చుట్టూ వినబడే శబ్దాలను ఉంచుకుని మిగతావాటిని పట్టించుకోవడం మానేస్తుంది. ఒడియావాళ్లు భాతలో ‘భ’ని ఎంత చక్కగా ఒత్తి పలుకుతారో విన్నారుగా, మన తెలుగువాళ్లలో సగం మంది భార్యని కూడా బార్య అనేస్తాం. మీవాడి చెవి ఆ రెండు లెక్కలూ విడివిడిగా రాసిపెట్టుకుంటోంది. అలాంటి అవకాశాన్ని మనంతట మనం తీసేయడం ఎందుకు?

గజిబిజి సంగతికొద్దాం. 2010లో అదే వాంకూవర్‌లో పుట్టి ఐదు రోజులైనా దాటని పిల్లలను చూశారు. కొందరి తల్లులు కడుపుతో ఉన్నన్నాళ్లూ ఇంగ్లీషే మాట్లాడారు, కొందరు ఇంగ్లీషూ, ఫిలిప్పీన్స్ వాళ్ల టగలోగూ రెండూ మాట్లాడారు. ఆ రెండో రకం తల్లుల పిల్లలు రెండు భాషల మీదా ఆసక్తి చూపించారు. అక్కడితో ఆగితే రెండిటినీ కలిపేసి ఒకటే అనుకున్నారేమో అనొచ్చు. కానీ ఒక భాష నుంచి ఇంకో భాషకి మార్చినప్పుడు ఆ మార్పుని కూడా కనిపెట్టారు. పసిపిల్లల్లో ఇదెలా తెలుస్తుందంటే, నోట్లో పాలపీక పెట్టి ఎంత జోరుగా చప్పరిస్తున్నారో యంత్రంతో కొలుస్తారు, ఆసక్తి పెరిగితే చప్పరించడం పెరుగుతుంది. కడుపులో ఉండగానే చివరి నెలల్లో బిడ్డకి తల్లి గొంతు వినబడుతుందన్న సంగతి మనకి కొత్తేమీ కాదు, అభిమన్యుడి కథ మనదేగా. అయితే పద్మవ్యూహం దాకా అక్కర్లేదు, గొంతూ లయా మాత్రమే అందుతాయి.

మరి “పాణి కావాలి” ఎందుకంటున్నాడు? తెలుగు మాట వెంటనే తట్టలేదు, ఒడియా మాట నోటి చివర ఉంది, దప్పికేమో ఆగదు. అంతే. మనం “బస్ మిస్సయ్యాను” అనడం లేదూ? మాంట్రియల్‌లో ఫ్రెంచ్, ఇంగ్లీషు రెండూ ఉన్న ఇళ్లలో రెండేళ్ల పిల్లలను గమనిస్తే, మాటలు కలుపుతూనే అమ్మతో అమ్మ భాషా నాన్నతో నాన్న భాషా ఎక్కువగా వాడుతున్నారని తేలింది. మీ ఇంట్లోనే చూడండి. వాళ్ల మామ్మ దగ్గరికి వెళ్లి తెలుగులో అడిగి, కుదరకపోతే మీ వైపు తిరిగి అదే ఒడియాలో అడుగుతాడు. ఎవరితో ఏది చెల్లుతుందో వాడికి తెలుసు.

ఒక్క చోట జాగ్రత్త. మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగు మాటలే లెక్కపెట్టి పక్కింటి పిల్లాడికి వంద వచ్చు, మావాడికి అరవైయే అని బెంగపడకండి. 1993లో మయామీలో స్పానిష్–ఇంగ్లీష్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో రెండు భాషల మాటలూ కలిపి చూస్తే ఒకే భాష పిల్లలకి వీళ్లు ఏమీ తీసిపోలేదు. విడివిడిగా చూస్తే ఒక్కో భాషలో కొంచెం తక్కువ కనబడుతుంది, ఉన్న సమయం రెండిటికీ పంచాలి కదా మరి.

అలాగని రెండు భాషలు వస్తే తెలివి అమాంతం పెరిగిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా నమ్మకండి. అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లలు 4,524 మందిని పరీక్షించి 2019లో అచ్చేసిన ఫలితాల్లో ఏకాగ్రతలాంటి విషయాల్లో వాళ్లకి ప్రత్యేక లాభం ఏదీ కనబడలేదు. లాభం ఏమిటంటే రెండు భాషలు రావడమే. తెలుగు మామ్మతోనూ ఒడియా అమ్మమ్మతోనూ మధ్యలో ఎవరూ అనువాదం చేయకుండా పోట్లాడగలగడం చిన్న సంగతా?

కాబట్టి మీరు మీ ఒడియాలో మాట్లాడండి, ఆయన్ని తెలుగులో మాట్లాడమనండి. ఎవరికి ఏ భాషలో కథ చెప్పడం, కోప్పడడం, బతిమాలడం బాగా వచ్చో ఆ భాష. రాని ఇంగ్లీషులో “కమ్, సిట్, ఈట్” అని మూడు ముక్కలతో పెంచితే వాడికి దొరికేదీ ఆ మూడు ముక్కలే. ఇంగ్లీషు బడిలో వస్తుంది. రెండేళ్ల వాడికి సీటు ఇంటర్వ్యూ ఏమిటో, అది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ప్రశ్న: మేడం, మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. అమ్మ, నాన్న తప్ప మాటలు లేవు. అవి కూడా ఎప్పుడో గానీ అనడు. తలుపు చప్పుడుకి తిరుగుతాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నట్టే. ఒకాయన ఇంట్లో ఒడియా మానేసి తెలుగే మాట్లాడమన్నారు. వాళ్ల నాన్నకి కూడా నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదని మా అత్తగారు అంటున్నారు. ఆగమంటారా? — గుణుపురం

జవాబు: ఆగొద్దు. పై ఉత్తరానికి రాసినంత తీరిగ్గా మీకు రాయను, ఈ పేజీ మూసి బయల్దేరండి.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. ఒక భాష మానేస్తే ఉన్నవాళ్లలో ఒకరు బిడ్డతో మాట్లాడటం తగ్గిస్తారు, అదొక్కటే జరుగుతుంది. మామూలుగా ఏడాదికి “బాబాబా, దాదాదా” లాంటి ఊసులు, వేలు పెట్టి చూపించడం రావాలి, పదహారు నెలలకి ఒక్క మాటైనా రావాలి, రెండేళ్లకి “అమ్మ దా”, “పాలు ఇయ్యి” అని రెండు మాటలు సొంతంగా కలపాలి. ఏ భాషలో అయినా సరే, సగం తెలుగు సగం ఒడియా అయినా సరే. మీవాడికి ఆ గడువు దాటిపోయింది.

ముందు చెవి పరీక్ష. తలుపు చప్పుడుకి తిరిగాడంటే చెవి పూర్తిగా మంచిదని కాదు. కొంతమంది పిల్లలకి మోటు శబ్దాలు వినబడతాయి, స, శ లాంటి సన్నటి శబ్దాలు వినబడవు, మాటంతా వాళ్లకి ముక్కలు ముక్కలుగా చేరుతుంది. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ, నిద్రలో తలకి తీగలు అంటించి చేసే బెరా అని రెండు పరీక్షలున్నాయి, రెండిటిలోనూ నొప్పి ఉండదు. దాంతోపాటు డాక్టర్‌కి ఇవి తప్పకుండా చెప్పండి: పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా, కావలసింది వేలితో చూపిస్తాడా లేక మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడా, మీ కళ్లలోకి చూసి నవ్వుతాడా, ఇంతకుముందు వచ్చిన మాటలు ఏవైనా పోయాయా. ఆ చివరిది జరిగితే ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా ఆగకూడదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి డాక్టర్ల బృందాలు వస్తున్నాయి, అక్కడి నుంచి పిల్లల ఎదుగుదల లోపాలను చూసే, జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ అనే కేంద్రానికి పంపిస్తారు. అంగన్‌వాడీ అక్కని రేపే అడగండి. నాన్నకి ఆలస్యంగా వచ్చాయి, తర్వాత బాగయ్యాయి, సంతోషం. బాగవ్వని నాన్నల గురించి ఏ అత్తగారూ కథలు చెప్పరు.

ప్రశ్న: నమస్తే డాక్టరమ్మ గారూ. మాది ఛత్రపురం దగ్గర పల్లె. మా ఆయన సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లారు. పాపకి ఏడాదిన్నర. ఫోన్‌లో ఇంగ్లీషు పాటలు పెడితే కదలకుండా కూర్చుని చూస్తుంది, అన్నం కూడా తింటుంది. మాటలు నేర్చుకుంటుంది కదా అని పెడుతున్నాను. ఫోనే ముట్టనివ్వకూడదని మా అక్క తిడుతోంది. మరి వాళ్ల నాన్నతో వీడియో కాల్ కూడా మానేయాలా?

జవాబు: తల్లీ, వీడియో కాల్ మానేయకండి. పాటలు మానేయండి.

ఈ రెండిటికీ తేడా ఎక్కడుందో అమెరికాలోని సియాటెల్‌లో పాట్రీషియా కూల్ చేసిన పరీక్షలో తెలిసింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల దగ్గరికి చైనా భాష మాట్లాడే మనిషిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నాలుగు వారాల్లో పన్నెండుసార్లు, ఒక్కోసారి ఇరవై ఐదు నిమిషాలు. పుస్తకాలు చూపించింది, బొమ్మలు ఆడించింది, అంతే. ఆ పిల్లలు చైనా భాషలోని శబ్దాల తేడాలు పట్టేశారు. ఇంకో గుంపు పిల్లలకి అదే మనిషి అవే మాటలు చెబుతుండగా తీసిన వీడియో చూపించారు. వాళ్లకి ఏమీ రాలేదు. కొంచెం వచ్చిందని కూడా కాదు, అసలు ఆ భాష విననివాళ్లతో సమానంగా ఉన్నారు. 2003లో ఈ ఫలితం అచ్చయింది.

తెరలోని మనిషి మీ పాప వైపు చూడదు. పాప “ఆఁ” అంటే ఆగదు, పాప వేలు చూపించిన వైపు తిరగదు, తన పాట తను పాడుకుపోతుంది. మీరు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంటే పాప ఒక కాయ తీసి మీ ముఖం మీద పెట్టి “ఊఁ” అంటుంది చూడండి, మీరు “అబ్బో, పెద్ద కాయే! ఇందులో గింజ ఉందా?” అంటారు, అది మళ్లీ “ఊఁ” అంటుంది. పాఠం అక్కడ జరుగుతోంది. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనలో, ఇంట్లో పెద్దవాళ్లు ఎన్ని మాటలు గుమ్మరించారన్న దానికన్నా, పిల్లకీ పెద్దకీ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందన్న దానికే మెదడులో భాష పని చేసే చోటుతో గట్టి సంబంధం కనబడింది. అందుకని రోజంతా వసపిట్టలా వాగాల్సిన పనీ లేదు, తను “ఊఁ” అన్నప్పుడు ఊరుకోకపోతే చాలు.

వీడియో కాల్‌లో నాన్న జవాబిస్తాడు కాబట్టే అది వేరు. 2014లో రెండు, రెండున్నరేళ్ల పిల్లలకి కొత్త మాటలు నేర్పి చూశారు. ఎదురుగా ఉన్న మనిషి దగ్గరా నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో జవాబిచ్చే మనిషి దగ్గరా నేర్చుకున్నారు, రికార్డు చేసిన దాని దగ్గర నేర్చుకోలేదు. మన పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2021లో రెండేళ్లలోపు తెర వద్దంటూనే అప్పుడప్పుడూ బంధువులతో మాట్లాడే వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. ఆయనకి ఒక్క మాట చెప్పండి: “ఏం చేస్తున్నావమ్మా, తిన్నావా” దగ్గర ఆగిపోకుండా, పాప ఏదైనా చూపిస్తే దాని గురించే మాట్లాడమనండి. గిన్నె చూపిస్తే గిన్నె గురించే.

అన్నం సంగతి కష్టమే, నాకు తెలుసు. రెండు మూడు రోజులు గొడవ చేస్తుంది, కొంచెం తక్కువ తింటుంది. తర్వాత ఆకలి తన పని తను చేస్తుంది.

ప్రశ్న: మాది మహారాష్ట్రలో సిరొంచ దగ్గర పల్లె. పది రోజుల కింద మాకు పాప పుట్టింది, 2.1 కిలోలు. ఆశా కార్యకర్త మాటిమాటికీ వచ్చి తూకం వేస్తోంది. దిష్టి తగుల్తదని మా అవ్వ గునుస్తోంది. పుట్టిన రోజు స్నానం వద్దంది, తేనె నాకించొద్దంది. ఇంతకు ముందు మా ఇండ్లల్లో ఇవన్నీ చేసేవాళ్లమే కదా సార్? — ఒక తండ్రి

జవాబు: సార్ కాదు బాబూ, మేడం. ఫరవాలేదు.

ఆశా ఇలా ఇంటికి రావడమనే పద్ధతికి మూలం ఎక్కడో కాదు, మీ గడ్చిరోలి జిల్లాలోనే. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి పల్లెల్లో చదువుకున్న ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డని ఇంటి దగ్గరే తూయడం, వెచ్చగా ఉంచడం, చీము జ్వరాల్లాంటి ఇన్ఫెక్షన్‌ని తొందరగా గుర్తుపట్టి మందు ఇవ్వడం నేర్పారు. ఆ పని జరగని ఊళ్లతో పోలిస్తే నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రపంచానికి చూపించారు. తర్వాత దేశమంతా ఆ దారి పట్టింది. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి, కాబట్టి ఆవిడ మీ మీద అనుమానంతో రావడం లేదు. అవ్వ తృప్తి కోసం అరికాలికి దిష్టి చుక్క పెట్టుకోండి, కంట్లో కాటుక మాత్రం వద్దు, తూకం మానొద్దు.

2.1 కిలోలంటే తక్కువ బరువే. ఒంట్లో కొవ్వు ఉండదు, తొందరగా చల్లబడుతుంది, స్నానం వద్దన్నది అందుకే. తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పాపను పడుకోబెట్టి పైన గుడ్డ కప్పండి, తల్లి అలసిపోతే మీరు చొక్కా విప్పి పెట్టుకోండి, మగవాళ్లు చేయకూడదని ఎక్కడా లేదు. మన దేశంతో సహా ఐదు దేశాల్లో, ఇంకా చిన్న పిల్లల మీద, 1.8 కిలోలకన్నా తక్కువ ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధన 2021లో వచ్చింది. పుట్టిన వెంటనే ఇలా పెట్టుకుంటే నెలలోపు మరణాలు పావు వంతు తగ్గాయి. తేనె ఏడాది దాకా వద్దు, అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలిచి విషం తయారుచేస్తాయి. పాలు సరిగ్గా తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలెగరేసినా రాత్రయినా సరే ఆసుపత్రికి బయల్దేరండి.

ప్రశ్న: ఒడిశాలో కనిపెట్టిన మంచి బ్యాక్టీరియా చుక్కలు వేస్తే పిల్లలకి జబ్బులే రావట, మెడికల్ షాపులో దొరికే ప్రోబయాటిక్ తెచ్చి మా నాలుగు నెలల బాబుకి వేయొచ్చా? — పర్లాకిమిడి

జవాబు: పరిశోధన నిజం, షాపు సీసా వేరు. డాక్టర్ పినాకీ పాణిగ్రాహి బృందం ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద చేసి 2017లో నేచర్ పత్రికలో అచ్చేసింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక ప్రత్యేకమైన రకాన్ని, అది తినే ఒక చక్కెరతో కలిపి, పుట్టిన మొదటి రోజుల్లో మొదలుపెట్టి వారం పాటు ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ గానీ మరణం గానీ సంభవించిన పిల్లలు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. చాలా పెద్ద విషయం, మన పక్క ఊళ్లలో జరిగిందని గర్వంగా చెప్పుకోవచ్చు కూడా. అయితే వాళ్లందరూ అప్పుడే పుట్టినవాళ్లు, తల్లిపాలు తాగుతున్నవాళ్లు, బరువు రెండు కిలోలకి తగ్గనివాళ్లు. ఏ రకం బ్యాక్టీరియా ఉందో తెలియని సీసాతో నాలుగు నెలల బాబుకి అదే ఫలితం వస్తుందనుకోవడానికి ఆధారం లేదు. ఆ డబ్బుతో మీరు రెండు పూటలా గుడ్డు తినండి, పాలు పట్టండి.

ప్రశ్న: మూడేళ్లకే మెదడు అంతా తయారైపోతుందని చదివి నిద్ర పట్టడం లేదు. మా అమ్మాయికి ఐదేళ్లు. అప్పట్లో ఇద్దరం ఉద్యోగాలు, ఖరీదైన ఆట సామాన్లు కూడా కొనలేదు. అవకాశం పోయినట్టేనా? — జయపురం

జవాబు: పడుకోండి. మెదడు పరిమాణం మొదటి కొన్నేళ్లలో గబగబా పెరుగుతుందన్నది నిజం, అంతటితో తలుపు మూసేస్తారన్నది అబద్ధం. నరాల మధ్య లింకులు ముందు విపరీతంగా పుట్టి, వాడనివి తర్వాత రాలిపోతాయి. చూపుకి సంబంధించిన చోట ఈ పని తొందరగా అవుతుంది, ఆలోచన, నిగ్రహం చూసుకునే ముందు భాగంలో ఇరవై దాటాక కూడా సాగుతూనే ఉంటుంది. చూపు విషయంలో కూడా పూర్తిగా తలుపు పడదు. పుట్టుకతో శుక్లాలున్న మన దేశపు పిల్లలకి ప్రాజెక్ట్ ప్రకాశ్ అనే కార్యక్రమంలో పవన్ సిన్హా బృందం బాగా ఆలస్యంగా, ఎనిమిదేళ్లు దాటాక కూడా ఆపరేషన్లు చేయించింది. కంటి చూపు పూర్తి పదును రాలేదు గానీ పనికొచ్చే చూపు వచ్చింది, మనుషుల ముఖాలు పోల్చుకోవడం నేర్చుకున్నారు. కాబట్టి మొదటి ఏళ్లు ముఖ్యం, తొందరపడటం మంచిదే, కానీ మీ అమ్మాయి విషయంలో బెంగకి ఏ కారణమూ కనబడటం లేదు.

ఖరీదైన సామాన్ల సంగతి నవ్వొచ్చింది. కటక్‌లోని 54 మురికివాడల్లో 421 మంది పసిపిల్లల మీద ఒక పరిశోధన జరిగింది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లే శిక్షణ తీసుకుని పద్దెనిమిది నెలలపాటు ఇంటింటికీ వెళ్లి, పిల్లలతో ఎలా ఆడాలో తల్లులకి చూపించారు. ఆ పిల్లల తెలివితేటల పరీక్షల్లో మార్కులు స్పష్టంగా పెరిగాయి. దానికి మూలమైన జమైకా పరిశోధనలో, ఎదుగుదల తగ్గిన పిల్లలు ఇలా వారానికోసారి ఆడించుకుని పెద్దయ్యాక, అలాంటి సాయం అందని సాటివాళ్లకన్నా 25 శాతం ఎక్కువ సంపాదించారు. ఆడించింది దేనితో? ఖాళీ సీసాలో నాలుగు గులకరాళ్లు వేసి మూత బిగిస్తే గిలక, అట్టముక్కలు కత్తిరిస్తే పజిల్, పాత గుడ్డతో బొమ్మ. మీ ఇంట్లో అవి లేవా?

ప్రశ్న: అమ్మాయ్ డాక్టరూ, ఎంతసేపూ పసిపిల్లలేనా? నాకు 71. తెలుగు, ఒడియా, అడవిలో కాంట్రాక్టు పనుల వల్ల కువి భాష కూడా వచ్చు. మా ముసలాళ్లకేమైనా ఉందా మీ సైన్సులో? — ఒక తాతయ్య, రాయగడ

జవాబు: ఉంది తాతయ్యా, మన తెలుగు ఊరి నుంచే ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో ఆ జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకున్నవాళ్లు కాబట్టి అలా అయిందేమో అనడానికి కూడా లేదు, బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. అన్ని దేశాల పరిశోధనలూ ఒకే మాట చెప్పడం లేదు గనక మీకు గ్యారంటీ కార్డు రాసివ్వలేను. కువిలో మాట్లాడే మనిషి దొరికినప్పుడల్లా మాట్లాడుతూ ఉండండి, మనవలకి కూడా నాలుగు మాటలు నేర్పండి. బీపీ మాత్రలు మాత్రం మానకండి, మూడు భాషలొచ్చు కదా అని అవి వేసుకోవడం లేదని రేపు మీ కోడలు నాకు ఉత్తరం రాస్తే బాగుండదు.